ఏట్లో ఉంది

మొదట అది యాప్ కాదు, ఒక తిట్టు.
నర్సాపురం రేవులో మిట్టమధ్యాహ్నం
లేసుదారం సంచి చంకనేసుకుని పరుగెత్తుకొచ్చిన రత్నమణి
అప్పుడే జారిపోయిన పంటు వెనక నిలబడి
నీళ్లకి వినపడేలా తిట్టింది.
తర్వాత నావైపు తిరిగి,
"ఇంత చదివావు కదా,
అది ఏ ఒడ్డున ఉందో బయల్దేరే ముందే తెలిసే ఉపాయం లేదా?"

ప్లాను మొత్తం ఆ ఒక్క వాక్యమే.
కరీముల్లా సెల్ రిపేరు కొట్లో
ఛార్జర్ల అట్టపెట్టె చింపి వెనక గీశాను:
ఒక తెర. రెండు ఒడ్లు.
రొయ్యల ధర, వానజాడ, బస్సుల టైములు
అన్నీ పెట్టేద్దామన్నాడు కరీముల్లా.
అట్టలో చోటు లేదన్నాను.

సరంగు బొమ్మిడి పల్లయ్య ఫోన్లో వేద్దామంటే
చుట్ట నోట్లోంచి తీశాడు.
"అంటే, నేను టీకి దిగినా
రెండు జిల్లాలకీ తెలిసిపోద్దన్నమాట."
నిజమే. వెతికేది మనిషిని కాదు, పడవని.
అద్దం పగిలిన ఫోనొకటి
పాల కవర్లో చుట్టి
సరంగు గది చూరుకి
రత్నమణి ఇచ్చిన దారంతోనే కట్టాం.

రాత్రులు రాశాను.
ఏరు పోటెక్కేవేళకే ఎందుకో కరెంటు పోయేది.
పాత ఫోన్లలో "ఒడ్డు" కింది వత్తు
బటను అంచు కింద మునిగిపోయి
"ఒడు" అని తేలేది.
నాలుగు రోజులు ఆ ఒక్క వత్తుని
పైకి లాగడానికే పట్టింది.

పరీక్షకి తొమ్మిదిమంది.
మూడో రోజు ఆశా కార్యకర్త సువార్తమ్మ ఫోను,
వెనక ఇంజను చప్పుడు:
"అమ్మాయ్, నేను పంటు మీదే ఉన్నాను.
నీ యాప్ నర్సాపురం అంటుంది, సఖినేటిపల్లి అంటుంది,
మళ్లీ నర్సాపురం అంటుంది.
ఇంతకీ నేనెక్కడున్నట్టు?"

నా దగ్గర జవాబు లేదు.
ఒడ్లకి చెరో గడి కట్టి
ఏటికి చోటు వదలడం మరిచాను,
పాలు తాగే వయసు నుంచీ దాటుతున్న ఏటికి.

మూడో మాట వెతికాం.
"ప్రయాణంలో" అన్నాను.
బస్సు కంపు కొడుతోందన్నాడు కరీముల్లా.
"మార్గమధ్యం" అన్నాడు తనే, తనకే నవ్వొచ్చింది.
పల్లయ్య చుక్కాని వదలకుండా,
మమ్మల్ని చూడకుండా అన్నాడు:
"ఏట్లో ఉంది."

బటన్లో సరిపోయింది, వత్తు తడవకుండా.

స్టోరు వాళ్లు రెండుసార్లు వెనక్కి పంపారు.
ఎవరి జాడ తీస్తున్నావని ఒకసారి,
దానికి కాగితమేదని ఒకసారి.
రాశాను: ఇది ఒక పడవ జాడ చెబుతుంది,
ఎక్కేవాళ్ల జాడ అడగదు.
ఇంత సూటి వాక్యం
పరీక్షల్లో కూడా రాయలేదు.

ఆమోదం వచ్చిన పొద్దున్నే
ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక.
ఎర్రనీరు రేవు మెట్లు మింగి
టిక్కెట్టు బల్ల కాళ్లు తడుముతోంది.
పంటుని గొలుసులేసి కట్టేశారు.
విడుదలకని కరీముల్లా తెచ్చిన పూతరేకులు
పొట్లంలోనే మెత్తబడ్డాయి.
సర్వర్లోంచి హడావుడిగా నాలుగో మాట తోశాను:
"ఈరోజు లేదు."

దించుకున్నవాళ్లు పదకొండుమంది.
వచ్చిన తొలి రేటింగు ఒక్క స్టారు:
"పంటు లేదంటుంది. పనికిరాని యాప్."
కరీముల్లా దగ్గు వచ్చేదాకా నవ్వాడు.
నాకు అరగంట తర్వాత నవ్వొచ్చింది.

సాయంత్రం అవతలి ఒడ్డునుంచి రత్నమణి:
"రేవుకి రాలేదే. చూసి ఆగిపోయా.
ఇంకో పువ్వు అల్లుతున్నా, పెట్టెయ్."

చీకటిపడ్డాక తెర చూసుకున్నాను.
పాల కవర్లోని ఫోన్
అరనిమిషానికోసారి కబురంపుతూనే ఉంది,
ఇక్కడే, ఇక్కడే, అని,
వరద ఊపుకి
రెండడుగులు అటూ
రెండడుగులు ఇటూ.